ఊదు చాలు

సిలారుకి ఒకటే దిగులు. తాత తనకి హుకుం ఎప్పుడిస్తాడా అని.

హుకుం అంటే సర్కారు హుకుం కాదులెండి. మా తకియాకి, అంటే ఫకీర్లుండే చోటికి, జ్వరమొచ్చిన పిల్లోళ్లని, నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చే పిల్లోళ్లని ఎత్తుకొస్తారు. బుడన్ తాత ఆ బిడ్డని ఒళ్లో పడుకోబెట్టుకుంటాడు. పెదాలు కదిలీ కదలకుండా దువా చదువుతాడు. నడినెత్తి మీద మెల్లగా ఊదుతాడు. అంతే. ఊదినాక, "నా పని అయిపాయ, ఇంక ఆస్పత్రికి పో తల్లీ" అని పంపించేస్తాడు. అట్ల ఊదాలంటే గురువు నోటితో చెప్పాల. చెప్పందే ఎవరూ ఊదకూడదు. ఆ మాట కోసమే సిలారు ఏండ్ల తరబడి కాచుకోనుండాడు.

నేను ఆ తకియాలో వంట చూసేదాన్ని. నా పేరు కుళ్ళాయమ్మ. పాలకొండల కింద, ఊరికి కాస్త ఎడంగా, నాలుగు రేకుల గదులు, ఒక వసారా, అదే మా తకియా. సిలారు నన్ను అక్కా అంటాడు. నేను వాణ్ణి నోటికొచ్చినట్టల్లా అంటాను. తమ్ముడి లెక్క కాబట్టి పడతాడు.

మంచోడే. పని దొంగ కాదు. కాకపోతే వాడికి ఒక జబ్బు ఉండేది. ఏది చెడిపోయినా అది వాడి వల్ల కాదు. అన్నం మాడితే పొయ్యిది తప్పు. గొళ్లెం మర్చిపోతే గాలిది తప్పు. ముప్పై దగ్గరపడిన మనిషి, "నావల్లే" అన్న మాట వాడి నోట నేను ఒక్కసారి కూడా వినలేదు.

వాళ్ల నాయన కడపలో ఊదు అమ్మేవాడు. సాంబ్రాణినే మా వాళ్లు ఊదు అంటారు. ఆ సరుకు మంచి చెడ్డ సిలారుకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. గురువారం సాయంత్రం కుంపట్లో నిప్పుల మీద వాడు ఊదు వేసినాడంటే, రోడ్డున పోయేవాళ్లు కూడా నిలబడి ఊపిరి పీల్చుకుని పోయేవాళ్లు. అందుకు వాడికి కొంచెం గర్వం కూడా. ఉండనీ, చేతిలో పని ఉన్నోడికి ఆ మాత్రం ఉంటాది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేసినాడు.

"తాతా, నాకెప్పుడు?"

తాత చాప మీద కూర్చుని గోళ్లు తీసుకుంటాండాడు. తల ఎత్తకుండానే వసారా మూలకి చెయ్యి చూపించినాడు.

"ముందర జాగీర్దారుని చూసుకో."

జాగీర్దారు అంటే ఎవరనుకున్నారు? గోదురుకప్ప! ఒళ్లంతా బొడిపెలు, ఇంత పొట్ట. ఎవరొచ్చినా లేవకుండా ఉబ్బుకుని కూర్చుంటాదని తాతే ఆ పేరు పెట్టినాడు. ముందటి వానాకాలంలో ట్రాక్టరు చక్రం దాని వెనక కాలు తొక్కేసింది. ఎగరలేదు, మేత పట్టుకోలేదు. తాత కండువాలో చుట్టుకొచ్చినాడు. ఊళ్లో మంగలి షాపులో చేపలు చచ్చిపోయి ఊరికే పడి ఉన్న గాజుతొట్టి ఒకటి అడిగి తెచ్చినాడు. అందులో అడుగున మట్టి, మట్టి మీద ఎండాకులు, ఒక మూకుట్లో నీళ్లు, దాక్కోవడానికి ఒక కుండపెంకు. ఎవరు చూసుకున్నా చూసుకోకపోయినా రోజూ తానే దానికి చెదలు, కీచుమనే ఇలకోళ్లు పట్టుకొచ్చి వేసేవాడు.

సిలారు ధుమధుమలాడుతూ నా దగ్గరికొచ్చినాడు.

"చూసినావా అక్కా! ఇన్నేండ్లు సేవ చేసినందుకు నా చేతికి కప్పనిచ్చినాడు. ఊరంతా నవ్వుతాది."

"నవ్వనీరా. పిల్లోళ్లయితే ఏడుస్తారు, అదయితే నోరెత్తదు. నీకు అదే నయం."

వాడు నా వైపు కొరకొరా చూసి పోయినాడు.

మొదటి రోజే తెల్లబోయినాడు. గిన్నెలో నీళ్లు తెచ్చి కప్ప మూతి దగ్గర పెట్టి, "తాగు, తాగు" అని బతిమాలుతాండాడు. అది మొగం తిప్పుకుంటాది. వాడు మూతికి ఇంకా దగ్గరగా పెడతాడు. తాత వచ్చి గిన్నె తీసుకున్నాడు. నీళ్లు మూకుట్లో వంచినాడు. కప్పని రెండు చేతులతో ఎత్తి ఆ నీళ్లలో కూర్చోబెట్టినాడు. అది వెనక కాళ్లు చాపుకుని పొట్టని నీళ్లకి ఆనించి కదలకుండా కూర్చునింది. చూస్తాండగానే మూకుట్లో నీళ్లు తగ్గినాయి.

"తాతా, నోరు తెరవనే లేదే!" అన్నాడు సిలారు.

"దానికి ఒళ్లంతా నోరే" అన్నాడు తాత.

నేను కూడా నోటి మీద వేలేసుకున్నా. ఇంత వయసొచ్చినా, వానొచ్చినప్పుడల్లా కాళ్లకడ్డం పడే కప్ప పొట్టతో నీళ్లు తాగుతాదని నాకు తెలీదు. ఆ రోజు నుంచి కొళాయి నీళ్లు పట్టి కుండలో పోసి, కొళాయిలో కలిపే మందు వాసన పోయినాకే దాని మూకుట్లో పొయ్యడం అలవాటైంది. దాన్ని ముట్టుకునే ముందు కుండ నీళ్లతో చేతులు కడుక్కోవాల. సబ్బు పనికిరాదు, చేతికి ఉప్పూకారం ఉండకూడదు. తాత ఒక్కటీ నోటితో చెప్పలేదు. తాను చేస్తాంటే సిలారు చూసి నేర్చుకున్నాడు.

నేర్చుకున్నాడు సరే, పోనుపోను వాడికి దాని మీద మనసు పడింది. పొద్దున లేస్తూనే "ఏం జాగీర్దారూ, బాగుండావా?" అని పలకరింపు. చెదలపుట్ట ఎక్కడుందో, ఇలకోళ్లు ఏ రాయి కింద ఉంటాయో వాడికి తెలియనిది లేదు. వచ్చినోళ్లని పిలిచి మరీ చూపించేవాడు. "ఈ కప్పకి ఒంట్లో ఎంత బాగుందో చూడండి, నా చేతి చలవ" అనేవాడు. బాగుంటే మాత్రం వాడి చేతి చలవే.

అట్ల ఉండగా తొట్టిలో పురుగులు పడినాయి.

చిన్నవి. బొంబాయి రవ్వ చల్లితే ఎట్లుంటాది, అట్ల ఎండాకుల మీద, మూకుడి అంచున, మట్టి మీద తెల్లగా కదులుతాండాయి. కొన్ని జాగీర్దారు వీపు మీద కూడా. సిలారు ఆకులన్నీ తీసి పారేసినాడు. మట్టి మార్చినాడు. తొట్టిని ఎండలో పెట్టినాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చినాయి. దానికి తోడు జాగీర్దారు రంగు తగ్గింది. ఒళ్లు బూడిద పూసినట్టు మసకబారింది. మేత మీద కూడా అంత యావ లేదు.

"పురుగులు దాన్ని తినేస్తాండాయక్కా" అన్నాడు సిలారు. వాడి మొగం పీక్కుపోయింది. అయ్యో పాపం అనిపించింది నాకు.

ఆ రోజే తాత పక్క ఊరి ఉరుసుకి పోతాండాడు. జీపు వచ్చి వాకిట్లో నిలబడింది. అందులో జనం కిక్కిరిసి ఉండారు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడతాండాడు. తాత ఒక కాలు లోపల పెట్టినాక సిలారు పరిగెత్తినాడు.

"తాతా! తొట్టిలో పురుగులు పడినాయి. ఏం మందు వెయ్యల్ల?"

"మందా?" అన్నాడు తాత. "మందెందుకు? పురుగు కనిపిస్తే ఊదు చాలు."

జీపు కదిలిపోయింది.

సిలారు దుమ్ములో నిలబడి నా వైపు తిరిగినాడు. మొగం వెలిగిపోతాంది.

"విన్నావా అక్కా? ఊదు చాలంట! మా నాయన సరుకు! నాకే తట్టలేదు చూడు, ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతికినట్టాయ."

"కప్పకి ఊదేందిరా?"

"తాత నోటితో అన్నాడా లేదా? నువ్వు వినలేదా?"

విన్నా. నేనూ విన్నా. తకియాలో ఊదు అంటే ఎవరికైనా కుంపటే గుర్తొస్తాది. దోమలకి వేస్తాం, దిష్టికి వేస్తాం, పసిబిడ్డ తల ఆరడానికి వేస్తాం. పురుగులకి మాత్రం ఎందుకు వెయ్యకూడదు?

మరుసటి పొద్దున మొదలుపెట్టినాడు. మామూలు సరుకు కాదు, పండగలకని మూట కట్టి దాచుకున్న పాలసాంబ్రాణి తీసినాడు. కుంపట్లో నిప్పులు రాజేసి, తొట్టి పక్కన ఎత్తు పీట మీద పెట్టినాడు. నా దగ్గర గోనెసంచి అడిగి తీసుకుని, తడిపి, తొట్టి మీదా కుంపటి మీదా కలిపి కప్పినాడు. గోనె అంచు ఎత్తి ఊదు పిడికెడు వేసినాడు. అబ్బ, ఏం వాసన! వంటింటి దాకా కమ్ముకుంది. గాజు వెనక తెల్లని పొగ తప్ప ఏమీ కనిపించలేదు. పెంకూ లేదు, ఆకులూ లేవు, జాగీర్దారూ లేదు.

పొగ తగ్గినాక గోనె తీసినాడు.

"రా అక్కా, చూద్దువు!"

పోయి చూస్తి. ఆకుల మీద పురుగులు కదలడం లేదు. వాడు ఒక ఆకు తీసి దులిపితే రాలిపోయినాయి. జాగీర్దారు మూలన పెంకుకి ఆనుకుని కూర్చోనుంది.

"తాత వచ్చేసరికి తొట్టి అద్దమైపోవాల. ఈసారి హుకుం ఎందుకియ్యడో చూస్తా" అన్నాడు.

నేను నవ్వి నా పప్పు దగ్గరికి పోతి.

మధ్యాహ్నం అన్నానికి పిలుద్దామని వసారాలోకి వస్తే జాగీర్దారు పెంకు పక్కన లేదు. తొట్టి మధ్యలో బోర్లా పడి ఉంది. కాళ్లు నాలుగూ నాలుగు పక్కలకి చాపేసింది. కళ్లు మూతలు పడినాయి. దగ్గరికి వంగి గాజులోంచి చూస్తే, పొట్ట అంచు, తొడల కింద, ఎర్రగా కమిలిపోయి ఉంది. కప్పకి గొంతు కింద తోలు ఎప్పుడూ టపటపా కొట్టుకుంటా ఉంటాది కదా. అది ఆగిపోయింది.

"సిలారూ!" అని అరిస్తి.

వాడు పరిగెత్తుకొచ్చినాడు. చూసినాడు. వాడి పెదాలు తెల్లబడినాయి.

"ఊదులో కల్తీ ఉన్నట్టుంది" అన్నాడు.

నేను వాడి మొగం వైపు చూస్తి.

"లేకపోతే నీ గోనెసంచిలో ఏమున్నాదో అక్కా. ఎరువు బస్తానా అది?"

"బియ్యం సంచిరా అది."

"నేనేం సొంతంగా చేసింది కాదు కదా. తాత చెప్పిందే చేసినా."

ఆ మాట అంటూనే అక్కడే కూలబడినాడు. తొట్టిలో చెయ్యి పెట్టాలంటే భయం, పెట్టకపోతే భయం. కొంచేపటికి గొంతు తగ్గించి, నాకు కాదు, తొట్టికి చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"ఇది చస్తే నాకు హుకుం ఏంది. ఈడ అన్నం తినే మొగం కూడా లేదు. పోతా. ఎక్కడికైనా పోతా."

పోవద్దని చెప్పించుకోడానికి అన్న మాట కాదది. నిజంగానే పోతాడు.

తాత ఎండ తగ్గే వేళకి బస్సు దిగి నడుచుకుంటా వచ్చినాడు. వాకిట్లో కాలు పెట్టకముందే సిలారు ఎదురుపోయినాడు.

"తాతా, మీరు చెప్పినట్టే చేసినా. ఊదే వేసినా. మంచి సరుకు అనుకునే వేసినా, నాకు అమ్మిన షాపువాడు ఏం కలిపినాడో..."

తాత ఆగినాడు. గాలిలో వాసన పట్టినాడు. చేతిసంచి నాకిచ్చి, కుండ నీళ్లతో చేతులు కడుక్కుని, తొట్టిలోంచి జాగీర్దారుని ఎత్తినాడు. అది చేతిలో గుడ్డపీలిక వేలాడినట్టు వేలాడింది.

వేపచెట్టు నీడలో, గాలి తగిలే చోట కూర్చున్నాడు. ఎడమ అరచేతిలో కప్పని పెట్టుకుని కుడిచేత్తో కుండలోంచి నీళ్లు తీసి పోసినాడు. వీపు మీద, పొట్ట కింద, కాళ్ల సందుల్లో. ఒకసారి పోసి ఆగి, మళ్లీ పోసి. నేను రెండో కుండ తెస్తి. అదీ అయిపోయింది. మూడోది సిలారు తెచ్చినాడు. నీళ్లు కారి తాత లుంగీ అంతా తడిసిపోయింది. నాకయితే అది బతుకుతాదన్న ఆశ లేదు.

"తాతా!" అన్నాడు సిలారు ఉన్నట్టుండి. "కొట్టుకుంది!"

గొంతు కింద ఒక్కసారి. ఎంతోసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక్కసారి. యా అల్లా, అంత చిన్న తోలు ముక్క కదిలితే నాకు కళ్లెంబడి నీళ్లు వచ్చేసినాయి.

తాత పళ్లెంలో ఒక వేలెడు లోతు కూడా లేకుండా నీళ్లు పోసి అందులో దాన్ని పెట్టి, తొట్టి దగ్గరికి పోయినాడు. సిలారు వెనకాలే పోయినాడు. ఊరుకుంటే బాగుండు, ఊరుకోలేదు.

"పురుగు కనిపిస్తే ఊదు చాలని మీరే కదా తాతా అన్నారు. అక్క కూడా వినింది. అడగండి."

తాత వాడి మొగం వైపు చూసినాడు. అప్పుడు అర్థమైనట్టుంది ఆయనకి. తొట్టిలో కుండపెంకు ఎత్తినాడు. దాని కింద, పొగ చేరని తేమలో, ఒక కుళ్లిన ఆకు ఉంది. ఆకు మీద తెల్లపురుగులు కొన్ని ఇంకా బతికి తిరుగుతాండాయి. ఆకుని సిలారు కళ్ల ముందర పట్టుకున్నాడు. పెదాలు సున్నా చుట్టి మెల్లగా ఊదినాడు.

ఫూ...

పురుగులన్నీ ఒక్కసారిగా టపటపా ఎగిరి పడినాయి.

"ఎగిరినాయా?"

"ఎగిరినాయి తాతా."

"ఎగిరేవి దాని ఇల్లు ఊడ్చేవి. దాని పెంట తింటాయి, బూజు తింటాయి. వాటి జోలికి పోకూడదు. ఊదినా ఎగరకుండా కరుచుకుని ఉండేవి, అవి వేరే. అవి రక్తం తాగుతాయి. అవయితే మట్టి మార్చాల."

నేను నెత్తి కొట్టుకుంటి. ఊదు! నోటితో ఊదు! ఇంట్లో చంటిబిడ్డకి కూడా తెలిసిన మాట. ఏడుస్తా ఏడుస్తా నవ్వొచ్చేసింది నాకు.

సిలారు నవ్వలేదు.

"నోటితో ఊదమని ఒక్క మాట అనుండొచ్చు కదా తాతా. ఆ జీపోడు హారన్ కొట్టకుండా ఉన్నా నేను ఇంకోసారి అడిగేవాణ్ణి."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరే!" అన్నా. తాత చెయ్యి ఎత్తి నన్ను ఆపినాడు.

"సరే" అన్నాడు సిలారుతో. "దాన్ని చూసుకో."

అంతే. కోప్పడలేదు, చదవలేదు, ఊదలేదు. పోయి లుంగీ మార్చుకున్నాడు.

నేను ఇంటికి పోయినాను గాని మనసంతా అక్కడే. పొద్దు పొడిచీ పొడవక ముందే వచ్చేస్తి. సిలారు పళ్లెం పక్కనే ఉండాడు. నిద్ర లేదని కళ్లు చెప్తాండాయి. తాత నమాజు చేసుకుని వచ్చి చాప మీద కూర్చోనుండాడు. జాగీర్దారు కాళ్లు ముడుచుకుని కూర్చోనుంది. బతికింది! పొట్ట కింద ఎరుపు కూడా తగ్గినట్టే ఉంది.

"అల్హమ్దులిల్లా" అని ఇంకా అననేలేదు నేను, అది వింతగా చెయ్యడం మొదలుపెట్టింది.

వీపు గూనిలాగ పైకెత్తింది. ఒళ్లు ఉబ్బించింది, తగ్గించింది. నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, ఆవులించినట్టు చేస్తాంది. అట్ల చేస్తాండగా నడివీపు మీద తోలు నిలువుగా చీలింది.

సిలారు కెవ్వుమన్నాడు.

"తోలు ఊడిపోతాంది తాతా! కాలిపోయింది, పొగకి కాలిపోయింది!"

పట్టుకోబోయినాడు. తాత వాడి ముంజేయి గట్టిగా పట్టుకున్నాడు. డెబ్బై దాటిన చెయ్యి. సిలారు విడిపించుకోలేకపోయినాడు.

"చూడు" అన్నాడు తాత.

చూసినాం. ముగ్గురం, పళ్లెం మీదికి వంగి.

ఎట్ల చెప్పేది? జాగీర్దారు ముందుకాళ్లని చేతుల్లాగ ఎత్తింది. వీపు మీదికి పోనిచ్చింది. ఆ బూడిదరంగు తోలుని పట్టుకుని, మనం జుబ్బా తలమీదినుంచి లాగినట్టు, నెత్తి మీదినుంచి ముందుకి లాగుతాంది. పల్చగా, ఉల్లిపొర అంత పల్చగా వస్తాంది అది. కుంటికాలు ఒకటి ఇరుక్కుంటే ఆగి, సర్దుకుని, ఆ కాలిని కూడా తొడుగులోంచి తీసినట్టు తీసుకుంది. వేళ్ల చివర్లు కూడా, ఒక్కో వేలు, చినగకుండా. ఎవరు నేర్పినారు దానికి? మా అమ్మ నాకు చీర కట్టడం నేర్పింది, ఈ మొండికాలు జీవికి ఎవరు నేర్పినారు?

లాగిన తోలుని అది పక్కన పడెయ్యలేదు. నోటి రెండు కొసల్లోంచి లోపలికి తోసుకుంటాంది. మింగుతాంది! గుటక వేసినప్పుడల్లా దాని కళ్లు తలలోకి దిగిపోతాయి, మళ్లీ పైకొస్తాయి. కళ్లతో నొక్కి మింగుతాంది. తోలు రావడం, కళ్లు దిగిపోవడం, తోలు రావడం, కళ్లు దిగిపోవడం. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతే మర్చిపోయినా.

ఆ పొర కింద ఏముందో చూస్తిరా! కొత్త ఒళ్లు. తడిగా, మెరుస్తా, తొలివాన పడిన ఎర్రమట్టి రంగులో. ఒక్కో బొడిపె ముత్యమంత నునుపుగా. ఎక్కడా మసక లేదు, ఎక్కడా కమిలింది లేదు. కంటి చుట్టూ బంగారు గీత ఉన్నాదని ఆ పొద్దే నేను చూసింది. దినమూ చూసే కప్పే, ఎప్పుడూ చూడనట్టుంది.

ఆఖరి పీలిక నోటి చివర వేలాడతాంటే చేత్తో లోపలికి తోసుకుంది. గుటక వేసింది. కళ్లు దిగినాయి, పైకొచ్చినాయి. ఏమీ జరగనట్టు ఉబ్బుకుని కూర్చునింది, జాగీర్దారులాగానే.

వాకిట్లో కోడి కూడా కుయ్యలేదంటే నమ్మండి.

తాత మెల్లగా సిలారు చెయ్యి వదిలినాడు.

"చూసినావా అబ్బీ" అన్నాడు. "పొగ పట్టిన తోలు. ఎవరి మీదా పారెయ్యలేదు."

సిలారు నోరు తెరిచినాడు. ఏదో అనబోయినాడు. వాడు ఏం అంటాడో నాకు తెలుసు. కల్తీ సరుకంటాడు, హారన్ అంటాడు, గోనెసంచి అంటాడు. నేను ఎదురుచూస్తాండా.

నోరు మూసుకున్నాడు. కళ్లు మూతపడినాయి. గొంతులో గుటక పెద్దగా కదిలింది. కళ్లు తెరిచేసరికి నీళ్లు చెంపల మీదికి జారినాయి. తుడుచుకోలేదు.

నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అందులో ఇదొకటి.

వాకిలి దగ్గర ఏడుపు వినిపించింది. నాపరాళ్ల గనిలో పనిచేసేవాళ్ల కోడలు ఒకామె, చంకలో బిడ్డనేసుకుని వచ్చింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"తాతా, నిన్నటి నుంచి ఒకటే ఏడుపు. పాలు ముట్టడం లేదు" అంటా వసారా ఎక్కింది.

తాత చాప మీద ఒక పక్కకి జరిగినాడు. ఖాళీ అయిన చోట అరచేత్తో ఒకసారి తట్టినాడు. సిలారు వైపు చూసినాడు.

సిలారు కదలలేదు. వాడికి అర్థం కాలేదనుకుని నేను వీపు మీద ఒక్కటి వేస్తి. అర్థమయ్యే కదలలేదని తర్వాత తెలిసింది. వాడికి భయం వేసింది. ఆ మాట కోసం ఇన్నేండ్లు కాచుకున్నవాడు, అది మాట లేకుండా అరచేతి తట్టుగా వచ్చేసరికి ఉన్నచోటే ఉండిపోయినాడు.

లేచినాడు. కుండ నీళ్లతో చేతులు కడుక్కున్నాడు. వచ్చి చాప మీద కూర్చుని బిడ్డని ఒళ్లోకి తీసుకున్నాడు.

వాడు గట్టిగా రాగం తీసి చదువుతాడని నేను అనుకున్నా. ఎన్నిసార్లు ఒంటరిగా చదువుకుంటాంటే వినలేదు నేను! ఏమీ చదవలేదు. బిడ్డ మొగం మీదికి వంగినాడు. నుదురు చూసినాడు. కళ్లు చూసినాడు. ఎగిరెగిరి పడే ఆ చిన్న గొంతు కింద గుంట చూసినాడు, పొట్ట చూసినాడు, పిడికిలి విప్పి ఒక్కో వేలూ చూసినాడు. వాడి కళ్లలో నీళ్లు ఇంకా ఆరలేదు. బిడ్డ ఏడుపు ఆపి వాడి మొగం వైపు చూసింది.

తల్లి నా పక్కకి జరిగి చెవిలో అడిగింది.

"ఏమక్కా, ఈయన ఏమీ చదవడం లేదే? ఊదడా?"

"ఉండమ్మా" అన్నా నేను. "చూస్తాండాడు."